మఖ్మల్ మీది పాత పూలు

మా జనగామలో ఆ చలికాలం గురించి ఎవర్ని అడిగినా డేరాల గురించి, బందుల గురించి, ఢిల్లీ నుంచి వచ్చిన ప్రకటన గురించి చెబుతారు. నన్నడిగితే ఒక మఖ్మల్ గుడ్డ గురించి చెబుతాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఏళ్ళు గడిచాయి, తెలంగాణ కూడా వచ్చింది, ఆ మంట మాత్రం చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేనూ అనుకోలేదు.

మా అత్త నఫీసా బేగం గోటా కుడుతుంది. పెళ్ళిబట్టల అంచుల మీద వెండిలా, బంగారంలా మెరిసే జరీ పట్టీ ఉంటుంది చూడండి, అదే గోటా. దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి, మడిచి ఆకు చేసి, ఆకుల్ని కలిపి పువ్వు చేసి మఖ్మల్ మీద కుడతారు. నేను కోడలిగా ఆ ఇంటికి వచ్చాకే ఆ పని నేర్చుకున్నాను. కోడల్ని మా వాళ్ళు పేరు పెట్టి పిలవరు, దుల్హన్ అంటారు. కహ్కషాన్ అనే నా పేరు ఆ ఇంట్లో అడుగు పెట్టిన రోజే మూలన పడింది. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, బజార్లో తెలుగు. ఇక్కడ అంతా తెలుగులోనే చెబుతున్నాను.

అది రెండు వేల తొమ్మిది డిసెంబరు. బక్రీద్ అయిపోయింది. మొహర్రం నెలవంక కనిపిస్తే ఇక మా ఇళ్ళల్లో పెళ్ళి బాజాలు మోగవు. ఆ రెండింటికీ మధ్య దొరికే కాసిన్ని రోజుల్లోనే నా ఆడబిడ్డ సబా పెళ్ళి పెట్టుకున్నాం. పెళ్ళికొడుకు నవీద్‌ది భూపాలపల్లి. బొగ్గుబాయిలో ఉద్యోగం. మైకు పట్టుకున్నాడంటే జనం కూర్చున్నచోటు నుంచి లేవరు. మామ అబ్దుల్ బారీ అతని ఉపన్యాసం వరంగల్‌లో విన్నాడు. విన్న రోజే అల్లుణ్ణి చేసుకోవాలని తీర్మానించుకున్నాడు. మామకు బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. బందుల పుణ్యమా అని దానికి తాళమే. పొద్దున లేస్తే రిలే నిరాహార దీక్ష డేరాకు పోయేవాడు, వస్తూనే నవీద్ మాటలు వల్లించేవాడు.

"ఆత్మగౌరవం లేని బతుకు బతుకేనా, అన్నడు. ఏం పిలగాడు. మనకు దొరికిండంటే నసీబు."

నాకూ ఆ మాట బాగానే ఉండేది. సినిమాల్లో మా యాసను నౌకర్లకూ జోకర్లకూ పెట్టి నవ్వుకున్నవాళ్ళ మీద నాకు తక్కువ కోపం లేదు.

పెళ్ళికూతురి జోడా మగపెళ్ళివాళ్ళు తేవాలి. కుట్టి, గోటా వేసి, తట్టలో పెట్టి తేవాలి. నికాహ్ రోజు దాకా పెళ్ళికూతురు దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అపశకునమని మా ఇళ్ళల్లో ఆ జోడా పక్కన పెట్టేస్తారు, మళ్ళీ కొత్తది రావాల్సిందే. నవీద్ తల్లి ఫోన్ చేసి, హైదరాబాదు పోదామంటే బస్సుల్లేవని, బజారంతా బందని చెప్పింది. "కొత్త తాన్లెంచి మఖ్మల్ కోయించిన. మా దర్జీ లెహంగాకు కత్తిరించి పెట్టిండు. గోటా మీ ఇంట్లనే ఉండె గద, మీరే కుట్టుకోన్రి" అంది. రెండు రోజుల్లో వరంగల్ దాకా ఎవరితోనో, అక్కడి నుంచి ఇంకెవరితోనో ఒక మూట మా ఇంటికి చేరింది.

సబాను పక్కగదిలోకి పంపి మూట విప్పాం. దానిమ్మరంగు మఖ్మల్. లెహంగా ముక్కలు ఒకదాని మీద ఒకటి మడతపెట్టి ఉన్నాయి. అత్త ఒక ముక్కను ఎండలో మంచం మీద పరిచింది. మఖ్మల్‌కు నూగు ఉంటుంది. పై నుంచి కిందికి నిమిరితే ఒక రంగు, కింది నుంచి పైకి నిమిరితే ఇంకో రంగు. ముక్కలన్నీ ఒకే దిక్కుకు ఉన్నాయో లేదో చూశాకే సూది పట్టాలి. అత్త కింది నుంచి పైకి నిమిరింది. సగంలో చెయ్యి ఆగింది.

"దుల్హన్, ఇటు రా. గిది చూడు."

నూగు అక్కడక్కడా అణిగి ఉంది. "మడతలేమో అమ్మీ" అన్నాను.

"మడత గుండ్రంగ పడ్తదా?"

మఖ్మల్ మీద ఇస్త్రీ పెట్టకూడదు, నూగు చచ్చిపోతుంది. అందుకని పొయ్యి మీద డేగ్చాలో నీళ్ళు మరగబెట్టి ఆవిరి పట్టాం. నేను ఒక కొస, ఆమె ఒక కొస పట్టుకున్నాం. నూగు లేచింది. లేచాక అసలు సంగతి ఇంకా బాగా బయటపడింది. బట్టంతా కొంచెం వెలిసిపోయిన దానిమ్మరంగు, దాని మీద కొత్త దానిమ్మరంగులో పూలు. అయిదేసి ఆకుల పూలు, వరసగా. గోటా కప్పి ఉంచినచోట రంగు వెలవలేదు, అంతే. ఒక్కో ఆకు చుట్టూ సూది బెజ్జాలు.

"పాత గోటా ఇప్పేసి పంపిన్రు అమ్మీ. ఎవలో కట్టిన జోడా."

అత్త తన ఎడమచేతి చూపుడువేలు ఒక పువ్వు మీద పెట్టి ఆకు చుట్టూ తిప్పింది. ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు తండ్రి కొట్టినా, పని నేర్పిన ఉస్తాద్ కొట్టినా తిండి తినడానికే కుడిచెయ్యి నేర్చుకుంది గానీ సూదికి నేర్చుకోలేదు. అందరి ఆకూ కుడివైపుకు మడత పడితే ఆమె ఆకు ఎడమవైపుకు పడుతుంది. బెజ్జాల వరసా అట్లాగే తిరిగి ఉంటుంది.

"ఎవలో కుట్టింది కాదు. నేనే కుట్టిన" అంది.

"ఎవరికి?"

"పెద్దవంగరల గాజులమ్మే హుసేన్ లేడూ, ఆయన బిడ్డకు. తస్లీమ్ ఆ పిల్ల పేరు. మూడేండ్లాయె. గీ మంచం మీదనే కూసోని కొల్తలు ఇచ్చింది. పిలగాడు దూరమోడు, బొగ్గుబాయిల పనిచేస్తడని చెప్పిన్రు. పేరు అడగలేదు నేను."

డేగ్చాలో నీళ్ళు ఇంకా మరుగుతున్నాయి. నాకు అప్పుడే భూపాలపల్లికి ఫోన్ చేసి ఆ ముసల్దాన్ని నిలదీయాలనిపించింది. ఫోన్ అందుకున్నాను కూడా. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. తెల్వకుంట మాటంటే రేపు మన పిల్ల బతుకే ఆగమైతది. ముందు ఆ పిల్ల ఎట్లుందో చూసి రా."

మర్నాడు తెల్లారేసరికి ఊరు ఊరులా లేదు. రాష్ట్రం ఇస్తామని ఢిల్లీలో ప్రకటించారు. బజారంతా గులాల్, డప్పులు. ముసలివాళ్ళు కూడా ఆడుతున్నారు. మామ గడ్డం నిండా గులాల్‌తో ఇంట్లోకి వచ్చి అందరి నోట్లో మిఠాయి పెట్టాడు. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆగలేకపోయాను. మఖ్మల్ సంగతి, పెద్దవంగర సంగతి చెప్పాను.

ఆయన మొహంలో నవ్వు పోలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"బందుల దొరకక పాతది పంపి ఉంటరు. ఎవలో అమ్ముకుంటే కొన్నరేమో. బట్టకు గింత రాద్ధాంతమా?"

"పెండ్లి జోడా ఎవలన్న అమ్ముకుంటరా అబ్బా? కొత్త తాన్లదని చెప్పిన్రు గద."

"దుల్హన్, జర చుప్ ఉండు. ఇయ్యాల మనకు తెలంగాణ ఇచ్చిన్రు. గసుంటి మాటలు ఇయ్యాల తియ్యకు."

మిగిలిన మిఠాయి పెట్టె చంకలో పెట్టుకుని మళ్ళీ డేరాకు పోయాడు. నా భర్త యాకూబ్ ఆటో తుడుస్తూ అన్నీ విన్నాడు. మాటలు తక్కువ మనిషి. గుడ్డ విదిలించి, "ఎక్కు" అన్నాడు. నేను మూట తీసుకుని ఎక్కాను.

దారి పొడుగునా జనం ఆటో ఆపి మా మొహాలకు రంగు పూశారు. మూటకు గులాల్ అంటకుండా బురఖా కింద పెట్టుకుని ఒళ్ళో అదుముకుని కూర్చున్నాను. ఆ రోజు నాకూ దిగి ఆడాలని ఉంది. గొంతు పోయేదాకా జై తెలంగాణ అనాలని ఉంది. ఆ భూపాలపల్లి ఇంటివాళ్ళు నాకు ఆ ఒక్క రోజును కూడా మిగల్చలేదు. వాళ్ళు చేసిన మిగతా పనులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

తస్లీమ్ వాకిట్లో కూర్చుని పగిలిన గాజులు ఏరి పక్కన పడేస్తోంది. సన్నగా ఉంది. వెనక భుజాలు పట్టుకుని రెండేళ్ళ ఆడపిల్ల వేలాడుతోంది. నేను ఫలానా గోటా నఫీసా బేగం కోడల్నని చెప్పి, మూట విప్పి ఆమె ముందు పెట్టాను. ఏమడగాలో దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని మఖ్మల్‌ను నిమిరింది. కింది నుంచి పైకే నిమిరింది.

"గోటా ఎవరు ఇప్పిన్రు?" అని అడిగింది.

అన్నిటికంటే ముందు ఆ మాటే అడిగింది.

"గిది నీదేనా?"

"నాదే. మా నాయిన కుట్టిచ్చిండు. నా పెట్టెల, సందుకల ఉండె. పంపున్రి అని అడిగితే ఎలుకలు కొట్టినయ్, పారేసినమన్నరు." పిల్లను ముందుకు లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "పురుడుకని తోలిచ్చిపోయిండు నవీద్. ఆడపిల్ల అని ఫోన్ చేస్తే మంచిదన్నడు. గంతే. మల్ల ఫోన్ ఎత్తలె. మా నాయిన పోతే మీటింగుల ఉన్నడన్నరు. తలాక్ సుత ఇయ్యలె."

యాకూబ్ ఆటో దగ్గరే నిలబడి అటు తిరిగాడు.

"ఎవరికి కుడ్తున్రక్కా మల్ల?" అని అడిగింది తస్లీమ్.

"మా ఆడబిడ్డకు."

ఆమె ముక్కల్ని నూగు నలగకుండా జాగ్రత్తగా మడతపెట్టడం మొదలుపెట్టింది. "పిల్ల తప్పేముంది. కుట్టున్రి" అంది.

నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఉన్నమాట చెబుతున్నాను. ఇంత అన్యాయం జరిగితే మడతలు సర్దుతుందేమిటి అనిపించింది. "తిట్టవేంది? వాన్ని తిట్టవేంది?" అన్నాను.

"తిట్టి తిట్టి నోరు నొచ్చిందక్కా."

లేచి వస్తుంటే గడప దాకా వచ్చి అడిగింది. "ఇచ్చిపోతవా దీన్ని?"

"గిప్పుడు కాదు. ముందు మా ఇంట్ల దీంతోని పనుంది. గోటా కుట్టిచ్చి నేనే తెస్త." ఆ మాట ఇచ్చి ఆటో ఎక్కాను.

రెండు రోజులకు జనగామలో విజయోత్సవ సభ పెట్టారు. నవీద్ మాట్లాడటానికి వచ్చాడు. సభ కాగానే మామ అతన్ని మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాడు. డేరాలో మామ దోస్తు రాజలింగు కూడా వెంట వచ్చాడు. నవీద్ మెడలో బంతిపూల దండ ఇంకా ఉంది, తియ్యలేదు. సబా పరదా వెనక కూర్చుంది. పెద్దవంగర సంగతంతా ఆమెకు అంతకు ముందు రోజే అత్త చెప్పేసింది. విని సబా ఏడవలేదు, తిననూ లేదు.

అత్త కుర్చీ తెచ్చి నవీద్ ముందు వేసింది. దాని మీద మఖ్మల్ ముక్క పరిచి కింది నుంచి పైకి నిమిరింది. పాత పూలన్నీ పైకి వచ్చాయి.

"బేటా, కొత్త తాన్లదని మీ అమ్మ చెప్పింది. గీ పూలు నేను కుట్టినయే. పెద్దవంగర పిల్లకు కుట్టిన."

నవీద్ దాన్ని ఒకసారి చూసి మామ వైపు తిరిగాడు. "ఉద్యమంల తిరిగెటోన్ని మామా. ఇంట్ల బట్టల సంగతి మా అమ్మ చూసుకుంటది."

"బట్ట సంగతి అడుగుత లేము" అన్నాను నేను. "పెండ్లాం సంగతి అడుగుతున్నం. బిడ్డ సంగతి."

"ఆమెకు మా ఇంట్ల సర్దుకోరాలె. మాకు పడలె. అయినా షరియత్‌ల తప్పేముంది, రెండో నికాహ్ చేసుకోవద్దని ఉందా?"

అతని గొంతు సభలో ఎట్లా ఉందో ఇక్కడా అట్లాగే ఉంది. అదే నిమ్మళం, అదే ఒత్తి పలకడం. నేను ఇక ఆగలేకపోయాను.

"చెప్పకుంట చేసుకొమ్మని ఉందా? ఒకదాని ఒంటి మీది బట్ట ఇప్పి ఇంకోదానికి కట్టుమని ఉందా? పొద్దంత ఆత్మగౌరవం ఆత్మగౌరవం అని మైకు చింపుతున్నవు. అది మొగోళ్ళ జేబులనే ఉంటదా?"

"దుల్హన్" అన్నాడు మామ. "లోపలికి పో."

నేను కదల్లేదు. రాజలింగు నేల చూస్తున్నాడు. అప్పుడు పరదా జరిపి సబా బయటికి వచ్చింది. తల మీద దుపట్టా సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా, కుర్చీ మీది మఖ్మల్‌ను రెండు చేతులా తీసుకుంది. నాలుగు మడతలు పెట్టింది. తీసుకెళ్ళి తల్లి ఒళ్ళో పెట్టింది.

"నేను ముట్టుకున్న. గిది ఇగ పెండ్లికి పనికిరాదు" అంది.

"కొత్తది తెప్పిస్త" అన్నాడు నవీద్.

"కొత్తది తెచ్చినా ముట్టుకుంట."

అంతే. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. వడ్డించిన బిర్యానీ అట్లాగే ఉండిపోయింది. నవీద్ లేచాడు, మామ అతని వెనకే వాకిలి దాకా బతిమాలుతూ పోయాడు. రాజలింగు చెప్పులు వేసుకుంటూ అత్తతో మెల్లగా, "మా బిడ్డ పెండ్లప్పుడు గిట్ల అడిగెటోళ్ళు లేకపోయిరి వదినా" అని వెళ్ళిపోయాడు.

మొహర్రం నెలవంక కనిపించింది. పెళ్ళిళ్ళ కాలం ముగిసింది. పెళ్ళి తప్పింది నా నోటి వల్లే అని మామ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకున్నాడు. ఇంట్లో నాతో మాట మానేశాడు. నేను వడ్డిస్తే కంచం జరిపేసేవాడు, అత్త వడ్డిస్తే తినేవాడు. నేను పెట్టిన చాయ్ చల్లారిపోయేది. ఆయన కోసం మెత్తబడదామా అని ఒక్క పూట కూడా అనుకోలేదు. యాకూబ్ మాత్రం ఆ చల్లారిన చాయ్ తీసుకుని తాగేవాడు, నా కళ్ళ ముందే.

మొహర్రంలో అత్త గోటా ముట్టదు. ఏ పెళ్ళికూతురికీ ఆ నెలలో ఒక్క ఆకు కూడా మడవదు. ఆ ఏడాది మాత్రం మంచం మీద దానిమ్మరంగు మఖ్మల్ పరుచుకుని కూర్చుంది. అడిగితే, "పెండ్లికి కుడ్తలేను. ఒకరి సొమ్ము ఒకరికి అప్పజెప్పుతున్న" అంది. పాత పువ్వు ఉన్నచోటే కొత్త పువ్వు పెట్టింది. పాత బెజ్జం పక్కనే కొత్త బెజ్జం పడింది. నేను ఆకులు మడిచి ఇచ్చాను. నేను కుడివైపుకు మడిస్తే విప్పి మళ్ళీ ఎడమవైపుకు మడవమనేది.

ఇంకో వారంలో పని అయిపోతుందనగా, ఒక సాయంత్రం మామ డేరా నుంచి తిరిగొచ్చాడు. ఢిల్లీవాళ్ళు మాట మార్చారు. అందరూ ఒప్పుకోవాలట, ఇంకా మాట్లాడాలట. బజార్లో మళ్ళీ దుకాణాలు దబదబా మూస్తున్న చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తోంది. మామ చెప్పులు విడవకుండానే వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు.

"ఇచ్చిన్రు గద. లోకమంత చూడంగ ఇచ్చిన్రు గద. ఇచ్చిందాన్ని మల్ల ఎట్ల గుంజుకుంటరు? మాకు తెల్వకుంట, మమ్ముల అడగకుంట. ఏమన్న వాళ్ళయ్య జాగీరా? ఒకసారి ఇస్తే అది మాది. గింత అన్యాలం ఏడన్న ఉంటదా?"

అత్త తల ఎత్తలేదు. దారం పళ్ళతో తెంపింది.

"గిది సుత ఇచ్చిందే" అంది. "ఆ పిల్లకు వాళ్ళ నాయిన ఇచ్చిండు. సందుకలకెంచి గుంజుకున్నరు. బట్టకు గింత రాద్ధాంతమా అన్నవు నువ్వు."

మామ నిలబడిపోయాడు. మంచం దాకా వచ్చి మఖ్మల్‌ను చూశాడు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉన్నా దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. చెప్పులు విడిచి మంచం కొసన కూర్చున్నాడు. నా వైపు చూడకుండానే, "దుల్హన్, నీళ్ళియ్యి" అన్నాడు.

ఇచ్చాను. తాగాడు.

మిగిలిన ఆకులు నేనూ అత్తా తొందరగా కుట్టి ముగించాం. బంద్ సడలేదాకా ఆగుదామని యాకూబ్ అన్నాడు. మామ వినలేదు, తానూ వస్తానన్నాడు. పాలకుర్తి దాటాక రోడ్డు మీద బండరాళ్ళు పెట్టి పిల్లలు ఆటో ఆపారు. ఈ బందులో ఏం పనిబడి పోతున్నారని గదమాయించారు. మామ దిగి, మూట విప్పి, గోటా మెరిసేట్టు మఖ్మల్ పైకెత్తి చూపించాడు.

"ఒక ఆడపిల్లకాడ గుంజుకున్నది వాపసు ఇయ్యవోతున్నం బిడ్డా. గిదీ మన కొట్లాటే."

పిల్లలు చప్పట్లు కొట్టి రాళ్ళు జరిపారు. నేను చప్పట్లు కొట్టలేదు. ఆ మాట నేను ఆయన ఇంట్లో ఆయన ముందే చెప్పాను. అప్పుడు లోపలికి పొమ్మన్నాడు. రోడ్డు మీద చెబితే చప్పట్లు, గడప లోపల చెబితే నోటిదురుసు. అది నేనెందుకు మరిచిపోవాలి?

పెద్దవంగరలో తస్లీమ్ వాకిట్లోనే ఉంది. ఇచ్చిన మాట ప్రకారం మూట ఆమె చేతికి నేనే ఇచ్చాను. విప్పి చూసి, ఒక పువ్వు ఆకును వేలితో తడిమి, "అదే చెయ్యి" అని కొంచెం నవ్వింది. దారంతా ఏదో చెప్పాలని గొంతు సవరించుకుంటూ వచ్చిన మామ తీరా ఆమె ముందు చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తస్లీమ్ ఆయనకు మంచం వాల్చింది. నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"తెలంగాణ ఇచ్చి మల్ల గుంజుకున్నరట గద బాబా?" అని అడిగింది.

"అవు బిడ్డా."

"ఇడువకున్రి" అంది తస్లీమ్.

మామ తల ఎత్తలేదు. చేతిలో నీళ్ళ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. అప్పుడు, ఆ ఒక్కసారి, నా మంట కొంచెం తగ్గింది. కొంచెమే.